పాలసొర, చందువా

నేను ఒక చోట కుదురుగా కూర్చునే మనిషిని కాను. అన్నం ముందు కూర్చున్నా రెండుసార్లు లేస్తాను. నీళ్లకోసం ఒకసారి, ఎందుకో తెలియకుండా ఇంకోసారి. నేను తన కడుపులో ఉన్నప్పుడు అవ్వ తొమ్మిది రోజులూ వదలకుండా బతుకమ్మ ఆడిందట, ఆ తిరుగుడే నాకు పట్టుకుందని ఆమె లెక్క. సిద్దిపేటలో నాకు మోటర్ వైండింగ్ షాపు ఉంది. కాలిపోయిన బోరు మోటర్లకు రాగి తీగ చుట్టడం నా పని. అందులో చేతులు ఆగవు కాబట్టి ఇన్నేళ్లు నిలిచాను, లేకపోతే అదీ వదిలేసేవాణ్ణే.

అలాంటివాడి ఇంట్లో ఆడపిల్ల పుట్టింది. పసిబిడ్డ ఉన్న ఇంట్లో చప్పుడు చేయకూడదు, తలుపు దబాలున వేయకూడదు, గడపలో నిలబడకూడదు. ఇక నాకు మిగిలింది వాకిట్లో అటూ ఇటూ తిరగడమే. "కాలుగాలిన పిల్లి లెక్క ఏందిరా ఆ తిరుగుడు? జర కూసో" అని అవ్వ రోజుకు పదిసార్లు అనేది. నేను కూర్చునేవాణ్ణి, మళ్లీ లేచేవాణ్ణి.

తొమ్మిదో రోజు, సోమవారం, దవాఖానలో డాక్టరమ్మ పిల్లను త్రాసు మీద పడుకోబెట్టింది. ముల్లు వైపు చూసి పెదవి విరిచింది. "పాలు సాలుతలేవు. తల్లి తింటలేదా? వచ్చే సోమవారం మళ్ల తీసుకరాండ్రి. అప్పటికి గూడ బరువు ఎక్కకుంటే డబ్బ పాలు మొదలువెడదాం" అన్నది.

నా భార్య అదే మాటను ఎందరో తల్లులకు చెప్పిన మనిషి. ఆమె స్టాఫ్ నర్సు. బిడ్డను ఎలా పట్టుకోవాలో, ఎటు తిప్పాలో, ఎంతసేపు పట్టాలో ఊరందరికీ నేర్పింది. ఇంటికొచ్చాక మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని, "డబ్బా పాలు తప్పేం కాదని నేనే అందరికీ చెప్పేదాన్నండీ. నా దగ్గరికొచ్చేసరికి ప్రాణం ఒప్పుకోవట్లేదు" అంది. ఆమె వీపు కదులుతోంది. నేను బయటికొచ్చి బండి తుడిచాను. పొద్దున తుడిచిన బండే.

తినకపోవడమే అసలు సంగతి. అవ్వ తప్పు ఏమీ లేదు. పాత బియ్యం అన్నం, ఎల్లిగడ్డ కారం, కాచిన నెయ్యి, బాలింతకు ఏం పెట్టాలో అన్నీ పెడుతోంది. నా భార్య రెండు ముద్దలు తిని పళ్లెం పక్కకు జరుపుతోంది. ఆమెది కాకినాడ దాటాక సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. ఉద్యోగానికని సిద్దిపేట వచ్చింది. ఆమె పనిచేసే దవాఖానలో బోరు మోటర్ కాలితే బాగు చేయడానికి నేను వెళ్లాను. మూడు రోజుల్లో అయ్యే రిపేరును పదిహేను రోజులు సాగదీశాను. షాపు తప్ప నా బతుకులో అన్నాళ్లు ఒక చోట ఉన్నది అదొక్కసారే.

రిజిస్టర్ ఆఫీసులో సంతకాలు పెట్టిన రోజు నుంచి, అంటే రెండేళ్లుగా, వాళ్లమ్మ ఆమెతో మాట్లాడలేదు. ఆమె కోపానికీ కారణం ఉంది. భర్త సముద్రం మీద వేటకు పోయి తిరిగిరాకపోతే ఆమె అన్న ఆ ఇంటిని నిలబెట్టాడు. ఆ అన్న కొడుక్కి ఈ పిల్లనిస్తానని ఆమె మాటిచ్చింది. ఆ మాట పోయింది. ఆమె ఇప్పటికీ నెత్తిన తట్ట పెట్టుకుని వీధివీధీ తిరిగి చేపలమ్ముతుంది. పిల్ల పుట్టిన రెండో రోజు నేను నా భార్యకు చెప్పకుండా ఆమె నంబరుకు బిడ్డ ఫోటో పంపాను. రెండు నీలం టిక్కులు వచ్చాయి. అంతే. రోజుకు ముప్పైసార్లు ఆ టిక్కులనే తీసి చూసుకునేవాణ్ణి.

మంగళవారం పొద్దున మంచం పట్టెమీద చేయి పెట్టి నిలదీశాను. "ఏం తినబుద్ధైతది నీకు? చెప్పు. ఏదైనా తెస్త."

"పాలసొర" అంది.

"అదేంది?"

"చేపండీ. చిన్న సొరచేప. మా ఊళ్లో బాలింతకి దాన్ని ఉడకబెట్టి, పొడికూరలా వేయించి సొరపుట్టు పెడతారు. దాంతో పాలు పడతాయంటారు. నర్సుని, నాకు తెలీదా, అందులో మందేం లేదు. కానీ అది తప్ప ఏదీ నోటికి రావట్లేదు."

బాలింతకు చేప అనగానే అవ్వ ముక్కు మీద వేలేసుకుంది. మా దగ్గర పచ్చి ఒంటికి చేప పెట్టరు. మాది చంద్లాపూర్ వైపు. చెరువు చేప తిని పెరిగిన మనుషులం. రంగనాయక సాగర్ రిజర్వాయర్ నిండినప్పటినుంచి చేపకు కొదవే లేదు. అవ్వ దృష్టిలో చేప అంటే బతికుండాలి. బేసిన్‌లో కొట్టుకోవాలి, చేతిలోంచి జారాలి. చచ్చిన చేపను ఆమె చేప అని కూడా అనదు. "సముద్రం శాపనా? అది ఎన్నడు సచ్చిందో ఎవలికి ఎరుక?" అన్నది. అయినా కోడలు ముఖం చూసి, "సరే, తేపో. ఏదో ఒకటి తిననీ" అని తనే ఒప్పుకుంది.

నాకు కావలసింది అదే. పని దొరికింది. సిద్దిపేట మార్కెట్టంతా తిరిగాను. కొర్రమట్టలు, రవ్వలు, బొచ్చెలు తప్ప ఏమీ లేవు. సొర అంటే అక్కడి ఆడవాళ్లు నవ్వారు. "అది మనిషిని తింటది గని మనిషి దాన్ని తింటడా అన్నా?" షాపు ముందు ముగ్గురు రైతులు మోటర్లు పెట్టుకుని ఎదురుచూస్తున్నారు. వరి ఎండుతోంది వాళ్లకు. సాయంత్రం ఇస్తానని చెప్పి బండి గజ్వేల్ దారి పట్టించాను.

గజ్వేల్‌లో రోడ్డు పక్కన ఐసు పెట్టెల్లో సముద్రం చేపలు అమ్మే ఒకతను దొరికాడు. సొర లేదన్నాడు. "గిది తీస్కపో అన్నా. చందువా. సముద్రం శాపల్ల దీన్ని మించింది లేదు. బాలింత గాదు, రాజులు తింటరు" అని ఒక చేపను పైకెత్తి చూపించాడు. పళ్లెంలా గుండ్రంగా, పలుచగా ఉంది. వెండిలా మెరుస్తోంది. నోరు ఎంత చిన్నదో, అందులో చిటికెన వేలు కూడా పట్టదు. సముద్రం చేప సముద్రం చేపే కదా, ఏదైతే ఏం అనుకున్నాను. చూడ్డానికి కూడా బాగుంది. తీసుకొచ్చాను.

అవ్వ దాన్ని చూసి ముందు మెచ్చుకుంది. తర్వాత తనకు తెలిసిన పద్ధతిలో పని మొదలుపెట్టింది. చెరువు చేపకు పొలుసు, జిగురు, వాసన ఉంటాయి. ఉప్పు, బూడిద పట్టించి గరుకు బండ మీద నల్లతోలు తెల్లబడేదాకా రుద్దుతారు. అవ్వ చందువాను అలాగే రుద్దింది. దానికి రుద్దాల్సిందేమీ లేదని ఎవరికి తెలుసు? ఆ మెరిసే తోలంతా బండకు అంటుకుపోయింది. తర్వాత చింతపండు పులుసులో, కొర్రమట్టను ఎంతసేపు ఉడికిస్తుందో అంతసేపూ ఉడికించింది. మూత తీసేసరికి గిన్నెలో చేప లేదు. పులుసులో కరిగిపోయింది, ముల్లు మాత్రం దువ్వెనలా తేలింది.

నా భార్య ఆ గిన్నెలోకి చూసి, ముల్లు పైకి తీసి, "ఇది చందువా" అంది. తిట్టలేదు. అత్తయ్య చేసిందని రెండు ముద్దలు మింగింది. తర్వాత పళ్లెం జరిపేసింది.

నాకు ఒళ్లు మండింది. "రెండూ సముద్రం శాపలే గదా! దానికి దీనికి ఏం ఫరకు?"

"ఏం ఫరకా?" అంది. లేచి కూర్చుంది. పది రోజుల్లో ఆమె గొంతు పెరగడం అదే మొదలు. "చందువా అమ్ముకునే చేపండీ. మేం తినేది కాదు. మా అమ్మ తట్టలో పైన చందువాలు పెట్టుకుని పెద్దిళ్లకి పోయేది. సాయంత్రానికి తట్ట అడుగున ఎవరూ కొనని సొరలు మిగిలేవి. అవి తిని పెరిగాను నేను. మా ఇంట్లో చందువా వండటం ఒక్కసారే చూశాను. అక్క మొగుడు పెళ్లయ్యాక మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు. ఆయన ఎదురుగా కూర్చుని మా అమ్మ ముక్క తరవాత ముక్క వేసింది. వాసన మాకు, చేప ఆయనకి. మేమేం బాధపడలేదు. అది అల్లుడి చేప."

ఆపితే మళ్లీ గోడవైపు తిరుగుతుందని భయపడి అడుగుతూ పోయాను. ఆమె చెప్తూ పోయింది. చందువాకు ముళ్లున్నాయి, సొరకు ముళ్లే లేవు. దాని ఎముక మన చెవి తమ్మెలా మెత్తగా వంగుతుంది. చందువా తోలు పట్టు, సొర తోలు గరుకు. చందువాకు పళ్లు ఉన్నా లేనట్టే, సొరకు వరసమీద వరస. అన్నిటికంటే పెద్ద తేడా ఇంకోటి ఉంది. "పాలసొర గుడ్లు పెట్టదండీ. మనలాగే కంటుంది. ఒకసారి మా అమ్మ సొర పొట్ట కోస్తే లోపల నాలుగు పిల్లలు. వేలంత పొడుగు. ఒక్కోదానికీ బొడ్డుతాడు. మా అమ్మ కత్తి పక్కన పెట్టేసి ఆ పూట ఇంకేం కోయలేదు. అందుకే బాలింతకి అది పెడతారేమో. నాకు తెలీదు."

"మరి చందువా?"

"చందువా గుడ్లు నీళ్లలో వదిలేసి తన దారిన పోతుంది. ఎవరు బతికారు, ఎవరు చచ్చారు, వెనక్కి తిరిగి చూడదు." చేతిలో ముల్లును గిన్నె అంచున పెట్టి అంది. "మా అమ్మ కూడా అంతే."

ఆ మాట అనేసి బిడ్డను దగ్గరికి తీసుకుంది. ఆమెకు కావలసింది చేప ఒక్కటే కాదని నాకు అప్పుడు తెలిసింది. తెలిసి మాత్రం ఏం చేయగలను? ఒకరి తల్లిని ఐసు పెట్టెలో పెట్టి తేలేను కదా. చేపనైతే తేగలను. బుధవారమంతా షాపులో కూర్చుని రైతుల మోటర్లు ముగించాను. గురువారం పొద్దున మొదటి బస్సు పట్టుకుని హైదరాబాద్ వెళ్లాను.

అక్కడి చేపల మార్కెట్లో గంటన్నర తిరిగాక దొరికాయి. రెండు పాలసొరలు, ఒక్కోటి నా మోచేతి పొడుగు. బూడిద రంగు వీపు, తెల్లటి పొట్ట, కోసు ముక్కు, నోరు కింద. తోకనుంచి తలవైపు నిమిరితే మా షాపులో వాడే ఎమరీ కాగితమే. చందువాను చూస్తే దండం పెట్టాలనిపిస్తుంది, దీన్ని చూస్తే భుజం మీద చేయి వేయాలనిపిస్తుంది. నాకైతే ఇదే నచ్చింది. థర్మకోల్ డబ్బాలో ఐసు పోయించుకుని బస్సెక్కి, వెనక సీట్లో డబ్బా మీద కాళ్లు పెట్టుకుని కూర్చున్నాను. ఎండ మాడిపోతోంది. దారిలో టైరు పంక్చరై గంట ఆగాం. డబ్బాలోంచి నీళ్లు కారడం మొదలైంది. ఏదో ఘాటు వాసన కూడా. కండక్టర్ ముక్కు మూసుకుని "ఏంది భాయ్ అండ్ల?" అన్నాడు. "బాలింత పత్యం" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి ముందుకు పోయాడు.

ఇంటికి చేరేసరికి పన్నెండు దాటింది. నా భార్య, బిడ్డ నిద్రలో ఉన్నారు. డబ్బా వాకిట్లో నీడకు పెట్టి, "అవ్వా, శాపలు తెచ్చిన" అని కేకేసి, నీళ్లైనా తాగకుండా షాపుకు పోయాను. ఎవరో రైతు ఫోన్ చేశాడని. ఇదీ నా బుద్ధి. పది నిమిషాలు ఆ డబ్బా పక్కన కూర్చుని ఉంటే ఏమీ జరిగేది కాదు.

తిరిగొచ్చేసరికి డబ్బా కడిగి బోర్లించి ఉంది.

"శాపలేవి?"

"పాతిపెట్టిన" అన్నది అవ్వ, చెంగుతో చేతులు తుడుచుకుంటూ. "కుళ్లిపోయినయి బిడ్డా. ఉచ్చ కంపు. డబ్బ మూత తీస్తే కండ్లల్లకెళ్లి నీళ్లొచ్చినయి. గసొంటిది బాలింతకు పెడ్తమా? కుక్కలు తోడకుండ మీద బండ గూడ పెట్టిన."

పెరట్లో మునగచెట్టు కింద గుంత. మీద నిజంగానే బండ, మొన్న చందువాను రుద్దిన బండ. "నీకు చెరువు శాపలు తప్ప ఏం తెల్వదు!" అని అరిచాను. అవ్వ మీద నేను అలా అరిచింది లేదు. "అడగొద్దా? ఒక్క ఫోన్ చెయ్యొద్దా? పొద్దుగాల్ల మొదటి బస్సుకు పోయి తెచ్చిన!" గడ్డపార కోసం వెతకడం మొదలుపెట్టాను. ఏం చేద్దామని? పాతిన చేపను తవ్వి వండుదామనా? చేతులకు ఏదో ఒకటి కావాలి, అంతే.

అరుపుకు నా భార్య లేచి వచ్చింది. సంగతి విని గుమ్మం పట్టుకుని నిలబడింది. నవ్వబోయింది, నవ్వు రాలేదు, కళ్ల నిండా నీళ్లొచ్చాయి. "దాని వాసనే అదండీ. ఐసు తగ్గితే అలాగే కొడుతుంది. పసుపేసి వేణ్ణీళ్లలో ఉడకబెడితే పోతుంది. అత్తయ్యకి ఎలా తెలుస్తుంది? నేనే చెప్పాల్సింది, నిద్రపోయాను" అంది.

అవ్వ ముఖం చూడలేకపోయాను. పన్నెండు రోజులుగా ఆమెకు సరైన కునుకు లేదు. పిల్ల ఏడిస్తే ముందు లేచేది ఆమె. తనకు తెలిసినంతలో బాలింతను కాపాడింది, నేను నలుగురికీ వినబడేలా తిట్టాను. ఆమె పెరట్లోకి పోయి ఆ బండ మీద కూర్చుంది. దీపాలు పెట్టే వేళకు లోపలికొచ్చి చేయి చాపింది.

"ఆమె నంబరు కలిపి ఇయ్యి."

"ఎవలిది?"

"పిల్ల తల్లిది. నాకేం తెల్వదంటివి గద. తెల్సిన మనిషిని అడుగుత."

నా భార్య "వద్దత్తయ్యా, ఎత్తదు" అంది. అవ్వ వినలేదు. నేను కలిపి స్పీకర్ పెట్టి ఇచ్చాను. నాలుగుసార్లు మోగింది. ఐదోసారికి ఎత్తారు. అటువైపు నుంచి సముద్రం గాలో, ఫ్యానో, హోరు మాత్రం వినబడుతోంది.

"వదినె," అన్నది అవ్వ. ముందూ వెనకా లేదు, సీదా వదినె. "సిద్దిపేట కెళ్లి మాట్లాడుతున్న. ఒక్క ముచ్చట అడుగుదామని చేసిన. సొర శాపను ఎట్ల కడుగుతరు? నా కొడుకు రెండు తెచ్చిండు. వాసనొస్తుందని నేను పాతిపెట్టిన."

ఒక బొంగురు గొంతు పలికింది. "పాతిపెట్టేశారా?"

"ఆఁ. బండ గూడ పెట్టిన."

"పొట్ట తెల్లగా ఉందా అండీ?"

"తెల్లగనే ఉండె."

"ముక్కు కోసుగా?"

"కోసుగనే ఉండె."

"అయ్యో, మంచి సొరేనండీ!" అంది ఆ గొంతు, తన తట్టలోంచే పోయినంత బాధగా. ఇక ఆగలేదు. నీళ్లు మరగాలి, పసుపు వేయాలి, తోలు ఇసకలా రాలిపోతుంది, మెత్త ఎముక తీసేయాలి, నీరు పిండాలి, వెల్లుల్లి ఎంత వేస్తే అంత మంచిది, మిరియాలే కానీ కారం వేయకూడదు. అవ్వ "ఆఁ, ఆఁ" అంటూ వింటోంది. సగం మాటలు ఆమెకు అర్థం కాలేదని నాకు తెలుసు. పెళ్లి మాట, అన్న కొడుకు మాట, రెండేళ్ల మాట, ఏదీ రాలేదు. చేప గురించే మాట్లాడారు. నా భార్య గోడకు ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని వింటోంది.

చివర్లో ఆ గొంతు తగ్గింది. "పాలు పడుతున్నాయా అండీ?"

"లేదు వదినె" అన్నది అవ్వ. "పిల్ల తింటలేదు. పానమంత నీ మీదనే ఉన్నది. సోమవారం దాక చూస్తమన్నరు."

ఫోన్ పెట్టేసిన చప్పుడు.

శుక్రవారం ఎలా గడిచిందో అడగొద్దు. ఒక మోటర్‌కు తీగ తప్పు చుట్టి, విప్పి, మళ్లీ చుట్టాను. నీలం టిక్కులు చూశాను. ఇంటికీ షాపుకూ ఆరుసార్లు తిరిగాను. నా భార్య ఫోన్‌ను దిండు పక్కనే పెట్టుకుంది. శనివారం పొద్దున్నే ఫోన్ మోగింది, దిండు పక్కది కాదు, నాది. "సికింద్రాబాద్‌లో రైలు దిగి బస్సెక్కానండీ. సిద్దిపేటలో ఎక్కడ దిగాలి?"

ఆ బస్సు రావడానికి గంటన్నర ముందే బస్టాండ్‌లో ఉన్నాను. ప్లాట్‌ఫారం ఈ చివరినుంచి ఆ చివరికి ఎన్నిసార్లు తిరిగానో. ఆమెను ఎప్పుడూ చూడలేదు. కానీ బస్సు తలుపులో నీలం తాడు కట్టిన డబ్బాను చంటిబిడ్డలా ఎత్తుకుని ఒక పొట్టి మనిషి కనిపించగానే పోల్చుకున్నాను. డబ్బా తీసుకోబోతే ఇవ్వలేదు. నా ముఖం వైపు చూడలేదు. బండి మీద నా వెనక కూర్చుని, ఇల్లు చేరేదాకా ఒకే మాట అంది. "నెమ్మదిగా పోనివ్వండి. ఐసు కదులుతుంది." నా బతుకులో అంత నెమ్మదిగా బండి నడపలేదు.

నా భార్య బిడ్డతో గుమ్మంలో నిలబడి ఉంది. వాళ్లమ్మ దగ్గరికి పోలేదు. ముందు కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంది, మోచేతుల దాకా చేతులు కడుక్కుంది, ముఖం కడుక్కుంది. తర్వాత తలెత్తి, "ఆ గుమ్మంలో గాలికి నిలబడ్డావేంటే? పచ్చి ఒళ్లు. లోపలికి పద" అంది. రెండేళ్ల తర్వాత మొదటి మాట అది. నా భార్య "అమ్మా" అని బిగ్గరగా ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను, దాచేదేముంది.

డబ్బాలో నాలుగు పాలసొరలు. పడవ ఒడ్డుకు రాగానే కొని, అక్కడికక్కడే ఐసులో పెట్టినవట. అడుగున పాత పేపర్లో చుట్టిన ఇంకో పొట్లం ఉంది. "గదేంది వదినె?" అని అవ్వ అడిగితే, "అది తరవాత వదినగారూ. ముందు ఈ పని కానివ్వండి" అని దాన్ని ఫ్రిజ్‌లో పెట్టించింది. ఇద్దరూ పొయ్యి దగ్గర చేరారు. వేడినీళ్లలో సొర తోలు రాలుతుంటే అవ్వ వంగి వాసన చూసి, "గిట్లనే ఉంటదా? నాదే తప్పు" అన్నది. "మీరు చేసింది మంచిదే. తెలియని చేప బాలింతకి పెట్టకూడదు" అంది ఆమె. సొరపుట్టు వేడివేడిగా వచ్చింది. నా భార్య పళ్లెం ఖాళీ చేసి ఇంకొంచెం అడిగింది. ఆ తర్వాత తల్లి పక్కన పడుకుని, పిల్ల ఏడ్చేదాకా కదలకుండా నిద్రపోయింది. ఆదివారం రెండు పూటలా అంతే.

నేను మాత్రం ఫ్రిజ్ తెరిచి ఆ పొట్లం వైపు చూడటం, మూయడం. "దాన్ని ముట్టకు" అని అవ్వ మొట్టికాయ వేసింది.

సోమవారం అందరం దవాఖానకు పోయాం. త్రాసు ముల్లు వణికింది, ఆగింది. "ఎక్కింది" అన్నది డాక్టరమ్మ. "ఎక్కువ గాదు, కని ఎక్కింది. డబ్బ అవసరం లేదు. గిట్లనే తినమనుండ్రి." మా అత్తకు ఆ మాట అర్థమైందో లేదో, త్రాసు మీద ముల్లు అర్థమైంది. బిడ్డను తనే ఎత్తుకుని బయటికి నడిచింది.

ఇంటికి రాగానే ఫ్రిజ్‌లోంచి పొట్లం తీసింది. అవ్వ పక్కన నిలబడి చూసింది. రుద్దలేదు, ఉడకబెట్టలేదు. రెండు వైపులా గాట్లు పెట్టి, ఉప్పూ కారం పట్టించి, పెనం మీద సన్న మంటకు వేయించింది. నేను అలవాటుగా వాకిట్లో తిరుగుతున్నాను. లోపల పీట వేసిన చప్పుడైంది.

వెళ్లి చూస్తే ఒకే ఒక పీట. దాని ముందు అన్నం, పక్కన పళ్లెం నిండా గుండ్రటి చందువా, తోలు చెక్కుచెదరకుండా. మా అత్త దానికి ఎదురుగా కింద కూర్చుని ఉంది. నా భార్య గుమ్మంలో బిడ్డతో నిలబడి, పెదవి కొరుక్కుంటూ నా వైపు చూస్తోంది.

మా అత్త మొదటిసారి తలెత్తి నా ముఖం చూసింది.

"కూర్చోండి అల్లుడుగారూ" అంది.

కూర్చున్నాను. ఆమె ముక్క తరవాత ముక్క వేసింది. ఆఖరి ముక్కదాకా నేను ఒక్కసారి కూడా లేవలేదు.